స్మార్ట్ కాంట్రాక్టుకు పంపే సందేశాన్ని ముందు మీ చేతితో కట్టండి

ప్రశ్న: నల్లగొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ వచ్చు. స్మార్ట్ కాంట్రాక్టుల (బ్లాక్‌చెయిన్‌పై నడిచే ప్రోగ్రాముల) రంగంలోకి వెళ్లాలని ఉంది. అమీర్‌పేటలో కోర్సు చేయమని మిత్రులు అంటున్నారు. ఫీజు కోసం నాన్న అప్పు చేస్తానంటున్నారు. చేరమంటారా?

జవాబు: అప్పు చేసి చేరవద్దని స్పష్టంగానే చెబుతున్నాను. ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ నిర్దేశాలు, దానిపై కాంట్రాక్టులు రాసే సాలిడిటీ భాష వివరణ, పైథాన్ నుంచి వాటిని పిలిచేందుకు వాడే వెబ్3 లైబ్రరీ అన్నీ ఉచితంగానే దొరుకుతాయి. లైబ్రరీలో ఒక పంక్తి రాసి కాంట్రాక్టును పిలవడం ఎవరైనా త్వరగానే నేర్చుకుంటారు. ఆ పంక్తి వెనుక తయారయ్యే సందేశం ఎలా ఉంటుందో తెలిసినవారే, అది పనిచేయనప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోగలరు. ఉద్యోగంలో మీకు విలువ తెచ్చేది ఆ నేర్పే.

అందుకని టోకెన్లను (డిజిటల్ నాణేల వంటివాటిని) బదిలీ చేసే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌ను తీసుకుని, దానికి పంపవలసిన సందేశాన్ని లైబ్రరీ సాయం లేకుండా మీరే కట్టండి. ఫంక్షన్ పేరును, బ్రాకెట్లలో దాని ఆర్గ్యుమెంట్ల రకాలను ఎక్కడా ఖాళీ లేకుండా రాసి, కెచ్చాక్-256 హ్యాష్ (ఎంత డేటానైనా 32 బైట్ల ముద్రగా మార్చే లెక్క) తీసి, అందులో మొదటి 4 బైట్లు ఉంచుకోవాలి. తర్వాత, టోకెన్లు అందుకునేవారి 20 బైట్ల చిరునామాకు ముందు 12 సున్నా బైట్లు చేర్చి 32 బైట్లకు తేవాలి. పంపే టోకెన్ల సంఖ్యనూ 32 బైట్లలోనే రాయాలి. మొత్తం 68 బైట్లు వస్తాయి. పైథాన్‌తో పాటు వచ్చే షా3-256 హ్యాష్‌ను ఇక్కడ వాడకూడదు, ఎందుకంటే ప్రమాణంగా ఖరారయ్యేటప్పుడు అందులో ప్యాడింగ్ (డేటా చివర చేర్చే అదనపు బిట్లు) మారింది, ఈథీరియం మాత్రం అంతకు ముందటి కెచ్చాక్ రూపాన్నే వాడుతోంది. సాలిడిటీలో సంఖ్య రకాన్ని యూఇంట్ అని రాసినా సరిపోతుంది గానీ, హ్యాష్ తీసేటప్పుడు యూఇంట్256 అని పూర్తిగా రాయాలి. హ్యాష్‌లో గానీ, రకం పేరులో గానీ తప్పు జరిగితే మొదటి 4 బైట్లు మారిపోయి, కాంట్రాక్టు మీరు కోరిన ఫంక్షన్‌ను గుర్తించదు. సంఖ్య విషయంలోనూ జాగ్రత్త అవసరం: చాలా టోకెన్లకు దశాంశ స్థానాలు 18, డాలర్ విలువకు ముడిపెట్టిన యూఎస్‌డీసీ టోకెన్‌కు 6. అందుకని ఒక్క టోకెన్ పంపాలని 1 అని రాస్తే, వెళ్లేది అందులో అతి చిన్న భాగం మాత్రమే.

మీరు కట్టిన సందేశాన్ని లైబ్రరీ ఇచ్చినదానితో బైటు బైటుగా పోల్చి, సరిపోయాకే సెపోలియా పరీక్షా నెట్‌వర్క్‌లో పంపండి. అందుకు విడిగా ఒక ఖాతా తెరవండి. దాని ప్రైవేట్ కీని (ఖాతాపై అధికారమిచ్చే రహస్య సంఖ్యను) గిట్‌హబ్‌లో పెట్టకండి.

ఈ రంగంలో నియామకాలు క్రిప్టో మార్కెట్‌తో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి కాబట్టి, డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్‌లు, నెట్‌వర్క్‌లను పక్కన పెట్టకండి. బైట్ల అమరిక, హ్యాష్, డిజిటల్ సంతకం హైదరాబాద్‌లో మామూలు బ్యాకెండ్ ఉద్యోగంలోనూ అక్కరకొస్తాయి. నాలుగో సంవత్సరం ప్రాజెక్టుగా ఈ పనినే చేస్తానని మీ అధ్యాపకులను ఇప్పుడే అడగండి.