గద్ద దెబ్బతిని మేడ మీద పడితే: మేనల్లుడికి ఉత్తరం

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

మీ అపార్టుమెంటు మేడ మీద మాంజా దారం చుట్టుకుని ఒక గద్ద పడి ఉందని నిన్న సాయంత్రం నువ్వు మారతహళ్లి నుంచి ఫోను చేసినప్పుడు, కంగారులో నీకు నాలుగు మాటలు మాత్రమే చెప్పగలిగాను. అది ఆసుపత్రికి చేరిందని రాత్రి తెలిశాక నా మనసు కుదుటపడింది. ఆషాఢపు గాలులు మొదలయ్యాయి. ఈ ఊళ్లో గాలిపటాలు ఎగరేసేది ఈ రోజుల్లోనే కాబట్టి, ఇలాంటిది మళ్లీ నీ కంటపడవచ్చు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించినా, ఇంకా చాటుగా అమ్ముతూనే ఉన్నారంటే నాకు కడుపు రగిలిపోతుంది. అందుకే ఈ విషయం తీరిగ్గా రాస్తున్నాను.

దెబ్బ తగిలిన ప్రాణికి మనం చేయవలసింది వైద్యం కాదు. అది వైద్యుడి చేతికి చేరేదాకా దాని భయం పెరగకుండా కాపాడటమే మన పని. ఈ సంగతి తెలియక నేను ఒక ప్రాణం పోగొట్టాను. ఇరవై ఏళ్ల కిందట మా పెరట్లో కొబ్బరిచెట్టు కింద ఒక గద్దపిల్ల పడింది. అది నోరు తెరిచి రొప్పుతుంటే దాహమనుకుని, చిన్నప్పుడు నీకు ఉగ్గు పోసిన వెండి గిన్నెతోనే దాని నోట్లో నీళ్లు పోశాను. మూడోసారి పోసేసరికి ముక్కురంధ్రాల్లోంచి బుడగలు వచ్చాయి, మెడ వెనక్కి వాలిపోయింది, అరగంటలో ప్రాణం పోయింది. పక్షికి చెమట పట్టదు కనుక వేడికీ భయానికీ కూడా నోరు తెరిచి రొప్పుతుందనీ, దాని శ్వాసనాళపు రంధ్రం నాలుక మొదట్లోనే ఉండటంతో మనం పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయనీ ఒక పశువైద్యుడు చెప్పాక గానీ నాకు తెలియలేదు. కాబట్టి నీళ్లు, పాలు, పెరుగన్నం ఏదీ నోట్లో పెట్టవద్దు. పాలను అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. మన ఇళ్లలో గాయం కనపడగానే పసుపు అద్దే అలవాటు ఉంది, అది కూడా వద్దు. పసుపు, నూనె ఈకలకు పట్టుకుంటే వదలవు, గాయం లోతు వైద్యుడికి కనపడదు.

గద్ద ముక్కును చూసి అందరూ భయపడతారు గానీ, దాని ఆయుధం కాలిగోళ్లు. వెనక నుంచి నెమ్మదిగా వెళ్లి, ఒక మందపాటి తువ్వాలును తల మీదుగా కప్పితే, కళ్లకు వెలుతురు అందక అది చాలావరకు శాంతిస్తుంది. అప్పుడు రెక్కలను ఒంటికి చేర్చి, కాళ్లు నీకు దూరంగా ఉండేటట్టు ఎత్తుకో. రొమ్మును గట్టిగా నొక్కవద్దు, ఎందుకంటే ఆ ఎముకలు కదిలితేనే పక్షికి ఊపిరి ఆడుతుంది. మాంజా రెక్కలో దిగి ఉంటే ఎంత మాత్రం లాగవద్దు. దారం గాజుపొడి పూసిన రంపంలాంటిది, లాగిన కొద్దీ నరాలనూ కండరాలనూ కోస్తుంది. గాయానికి రెండు వైపులా జానెడు దారం వదిలి, మిగిలినది కత్తిరించు. పక్షి కరెంటు తీగల మీద చిక్కుకుంటే కర్రతో లాగే సాహసం చేయకుండా ఇక్కడి విద్యుత్ సంస్థ బెస్కాం వారికి ఫోను చెయ్యి.

దాన్ని ఉంచడానికి అట్టపెట్టె చాలు. ఇనుప పంజరంలో పెడితే కొట్టుకుని ఈకలు విరగ్గొట్టుకుంటుంది. గాలికి రంధ్రాలు ముందే పెట్టాలి, పక్షిని లోపల ఉంచాక పొడిస్తే అది బెదిరిపోతుంది. కాళ్లు జారకుండా అడుగున పాత గుడ్డ పరిచి, మూత వేసి, టీవీ చప్పుడూ పిల్లల అలికిడీ లేని గదిలో ఉంచు. పక్కింటి వాళ్లు ఫొటో తీసుకుంటామన్నా మూత తెరవవద్దు. భయానికే గుండె ఆగి చనిపోయే ప్రాణులు ఎన్నో ఉన్నాయి. ఆ తరువాత అటవీశాఖ సహాయవాణి 1926కు గానీ, కెంగేరి దగ్గర ఉన్న పీపుల్ ఫర్ ఆనిమల్స్ వన్యప్రాణి ఆసుపత్రికి గానీ ఫోను చెయ్యి. ఈ నంబర్లు ఇప్పుడే ఫోనులో దాచుకో, అవసరం వచ్చినప్పుడు వెతకడంలోనే సమయం పోతుంది.

దొరికిన ప్రతి పిల్లా అనాథ కాదు. ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, నేల మీద గెంతుతున్న కాకిపిల్లో గోరింకపిల్లో ఎగరడం నేర్చుకుంటోందని అర్థం. తల్లి చుట్టుపక్కలే ఉంటుంది. పిల్లులూ కుక్కలూ అటు రాకుండా చూసి, నువ్వు దూరంగా నిలబడితే సరిపోతుంది. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు, కనుక గూడు అందితే పిల్లను మళ్లీ అందులో పెట్టవచ్చు. గబ్బిలం, కోతి, పునుగుపిల్లి విషయం వేరు. వాటిని ఒట్టి చేతులతో ముట్టనే కూడదు. కరిచినా గీరినా ఆ చోటును సబ్బు పెట్టి పదిహేను నిమిషాల పాటు ధారగా పారే నీటి కింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. పాము వలలో చిక్కుకుంటే అది జెర్రిపోతే అని నీకు నమ్మకం ఉన్నా దగ్గరకు వెళ్లవద్దు. అటవీశాఖ వారు వచ్చేదాకా దూరం నుంచి దాన్ని గమనిస్తూ ఉండు.

బాగయ్యేదాకా ఇంట్లోనే ఉంచుకుంటానని నిన్న నువ్వు ప్రేమతోనే అన్నావు, నాకు తెలుసు. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అలా ఉంచుకోవడం నేరం, రామచిలుకకైనా అదే నియమం. చట్టం సంగతి అటుంచినా, మనుషులకు అలవాటు పడ్డ గద్ద మళ్లీ ఆకాశంలో బతకలేదు.

ఇంకొక్క మాట. పక్షి ఏ మేడ మీద, ఏ మూల, ఎన్ని గంటలకు దొరికిందో ఒక చీటీ మీద రాసి ఆసుపత్రి వారికి ఇవ్వు. నయమయ్యాక దాన్ని తిరిగి ఆ చుట్టుపక్కలే వదలాలి, దాని గూడూ జతా అక్కడే ఉండవచ్చు. నిన్న ఆ వివరం చెప్పడం మరిచిపోయి ఉంటే ఈ పూటే ఫోను చేసి చెప్పు, రెక్క సంగతి వాళ్లేమన్నారో నాకూ తెలియజెయ్యి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య