కొత్త సోషల్ టీచరమ్మకి పెద్దమ్మ ఉత్తరం

చి. చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

డీఎస్సీలో నీకు సోషల్ స్కూల్ అసిస్టెంట్ పోస్టు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నా కాళ్లు నేల మీద నిలవలేదు. వీధిలో చెప్పని ఇల్లు లేదు. అదే ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పింది. క్లాసు కోసం వాయిదాల మీద ప్రొజెక్టర్ కొంటావట! అప్పటినుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. వద్దే తల్లీ. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతుంది, సుద్దపొడికి లెన్సు మసకబారుతుంది, బీరువా తాళం ఎవరి దగ్గరుండాలని స్టాఫ్‌రూమ్‌లో తగువు మొదలవుతుంది. వాయిదాలు మాత్రం ఆగవు.

పాఠం ముందురోజే చదువుకుని వెళ్లు. పిల్లల పేర్లు త్వరగా పట్టెయ్. టెన్త్ వాళ్లకి మ్యాపు పాయింటింగ్ జూన్‌లోనే మొదలుపెట్టు. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు.

నీ పర్సులో నోట్లు ఎప్పుడైనా వెనక్కి తిప్పి చూశావా? కొత్త సిరీస్‌లో పది మీద కోణార్క్ చక్రం, ఇరవై మీద ఎల్లోరా, యాభై మీద హంపి రాతిరథం, వంద మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్ మెట్లబావి, రెండొందల మీద సాంచి స్తూపం, అయిదొందల మీద ఎర్రకోట ఉంటాయి. మొత్తం 880 రూపాయల టీచింగ్ ఎయిడ్, సాయంత్రానికి మళ్లీ నీ పర్సులోకే! వెనకవైపు భాషల పట్టీలో 15 భాషలుంటాయి, తెలుగు ఎక్కడుందో వెతకమను. కింది నుంచి రెండోది, ఉర్దూకి పైన. పెద్ద నోట్లు మాత్రం పిల్లల చేతికివ్వకు, నువ్వే పట్టుకుని చూపించు. ఒక్క నోటు కనబడకపోతే ఎవడో ఒక పిల్లాడి మీద దొంగ అనే ముద్ర పడుతుంది. అది బడి వదిలినా పోదు.

మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూర్ గీతలు ఎంత చెప్పినా పిల్లల బుర్రకెక్కవు. దానికి బంగాళాదుంప కావాలి. నిలువుగా సగానికి కోసి బల్ల మీద బోర్లా పెడితే అదే కొండ. పైనుంచి కిందికి రెండు చీపురుపుల్లలు గుచ్చి తీసెయ్. తర్వాత ఒకే మందంలో అడ్డంగా బిళ్లలు కోసి, కింది బిళ్లతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయించు. పుల్లల చిల్లులు ఒకే చోటికి వస్తే బిళ్ల సరిగ్గా కూర్చున్నట్టు. వాలు ఎక్కువున్న వైపు గీతలు దగ్గరగా వచ్చాయని పిల్లలే అరుస్తారు. కత్తి నీ చేతిలోనే ఉండాలి సుమా. ఆ తర్వాత కొండలు, కాలవలు, ఊళ్లు వివరంగా చూపే సర్వే ఆఫ్ ఇండియా మ్యాపు, అదే టోపోషీటు తియ్యి. 1:50,000 స్కేలువి ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మీ బడి ఉన్న ఊరు అందులో కనబడితే ఆ రోజుకి ఇంక ప్రొజెక్టరెందుకు?

ఇప్పుడు అసలు సంగతి. సాగర్ కుడికాలవ కింద నేను పనిచేసిన ఓ హైస్కూల్లో నాతోపాటు ఇంకో సోషల్ మాస్టారు ఉండేవారు. ఉత్సాహవంతుడే. ఎనిమిదో తరగతి వాళ్లకి ‘మీ ఇంటి చరిత్ర మీ తాతనడిగి రాసుకురండి, క్లాసులో చదవాలి’ అన్నారు. చెప్పడానికి ఎంత బాగుంది! పైసా ఖర్చు లేదు. మొదటి బెంచీ కుర్రాడు లేచి, మా తాతకి ఇన్నెకరాలు, ఇంతమంది పాలేర్లు అని గట్టిగా చదివాడు. ఆ పాలేర్లలో ఒకాయన మనవడు అదే బెంచీలో ఉన్నాడు. వాడి వంతు వచ్చేసరికి నోట్సు మూసేసి ‘రాయలేదు సార్’ అన్నాడు. హోంవర్కు ఎగ్గొట్టాడని మాస్టారు బయట నిలబెట్టారు. తర్వాత వాడు కొన్నాళ్లు బడికే రాలేదు.

ఆ నోట్సు దిద్దుబాటుకి నా చేతికొచ్చింది. వాడు రాశాడే! రెండు పేజీలు. వాళ్ల తాత సాగర్ కాలవ తవ్వకంలో తట్టలతో మట్టి మోశాడట. నీళ్లొదిలిన రోజు నిజంగా పారతాయో లేదో చూద్దామని రాత్రంతా గట్టు మీదే పడుకున్నాడట. ఆ నీళ్లు పారడానికి ఆయనకి సెంటు భూమి లేదు. సాగర్ గురించి మనం చెప్పేది 1955లో నెహ్రూ శంకుస్థాపన, 1967లో కాలవలకి నీళ్లు, అంతే కదా. మధ్యలో పన్నెండేళ్ల కష్టం ఆ పిల్లాడి నోట్సులో ఉంది, క్లాసులో ఒక్కరూ వినలేదు. ఇప్పటికీ నాకు కోపమే.

అందుకని ఇల్లు అడక్కు, ఊరు అడుగు. ‘కాలవ రాకముందు మన ఊళ్లో ఏం పండేది? ఏం తినేవాళ్లు?’ అని ఒక్క ప్రశ్న ఇవ్వు. సొంత తాతే కానక్కర్లేదు, ఊళ్లో ఏ ముసలివాళ్లనైనా అడగొచ్చు. జవాబులు పేర్లు లేకుండా చీటీల మీద రాయించి సుద్దముక్కల డబ్బాలో వేయించు. నువ్వే తీసి చదువు. జొన్నలు, సజ్జలు ఎలా పోయాయో, వరి, పత్తి ఎలా వచ్చాయో బోర్డు మీద దానంతటదే తేలుతుంది. ‘మీ నాన్న ఏం చేస్తాడు?’ అని నలుగురిలో మాత్రం ఎప్పుడూ అడక్కు, చిట్టీ. నువ్వు ప్రేమగానే అడుగుతావు, నాకు తెలుసు. అందుకే నా భయం.

స్థానిక ప్రభుత్వాల పాఠానికి పిల్లల్ని పంచాయతీ ఆఫీసుకి తీసుకెళ్లు. నోటీసు బోర్డు చదివించు, సెక్రటరీని ప్రశ్నలడగమను. కాలవ గట్టుకి మాత్రం తీసుకెళ్లకు, ఎంత బతిమాలినా సరే. తిట్టినా పడతావు గానీ ఈ మాట వినవు, అదే నా బాధ.

నా దగ్గరున్న మ్యాపులన్నీ గొట్టంలో చుట్టి బస్సు పార్సిల్లో వేయించాను. 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్రం మ్యాపు కూడా ఉంది, పాతదని పారెయ్యకు. ఇప్పటి మ్యాపు పక్కన తగిలించి తేడాలు వాళ్లనే పట్టమను. రేపు పొద్దున్నకి మీ డిపోకి చేరుతుంది. ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లు, ఒట్టి చేతులతో వెళితే ఇవ్వరు.

మీ పెద్దమ్మ