స్కాట్లాండ్ ఇంగ్లండ్ ఆక్రమించుకున్న దేశమేనా?

స్కాట్లాండ్ కూడా మనలాగే ఇంగ్లండ్ ఏలుబడి నుంచి విముక్తి కోరుతోందా అని మీరు అడిగారు. 2014లో గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్నప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. స్వాతంత్ర్యానికి అనుకూలంగా కోటుకు బ్యాడ్జి పెట్టుకుని తిరిగే మా ఆఫీసు పెద్దాయనతో ఆ మాటే అంటే, “మమ్మల్ని ఎవరూ జయించలేదు, మా పెద్దలే సంతకాలు చేశారు” అని ఒకింత రోషంగా సరిదిద్దారు.

1707 నాటి విలీనం విషయంలో ఆయన మాట నిజమే. 1603లో స్కాట్లాండ్ రాజైన ఆరవ జేమ్స్‌కే ఇంగ్లండ్ సింహాసనం వారసత్వంగా దక్కింది. పార్లమెంట్లు ఒకటైనది మాత్రం 1707లో. అంతకు కొన్నేళ్ల ముందు పనామా ప్రాంతంలోని డేరియన్‌లో వలస నెలకొల్పబోయి స్కాట్లాండ్ సంపన్నులు భారీగా నష్టపోయారు. విలీన ఒప్పందం కింద ఇంగ్లండ్ చెల్లించిన సుమారు 3,98,000 పౌండ్లలో కొంత భాగం ఆ నష్టాన్ని పూడ్చడానికే వెళ్లింది. ఎడిన్‌బరో, గ్లాస్గో వీధుల్లో జనం అల్లర్లకు దిగినా ఒప్పందం ఆగలేదు. అయితే న్యాయవ్యవస్థ, చర్చి, విశ్వవిద్యాలయాలు స్కాట్లాండ్‌కు విడిగానే మిగిలాయి. ఆ తరువాత సామ్రాజ్య పాలనలో వారూ భాగస్వాములే: మా దత్తమండలాల ప్రధాన కలెక్టరు, రైత్వారీ పద్ధతికి పేరుపడిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించాడు. ఈ సంగతి చెబితే మా పెద్దాయన కాసేపు మాట్లాడలేదు.

2014 సెప్టెంబరు 18న జరిగిన స్వాతంత్ర్య రెఫరెండంలో నేనూ ఓటు వేశాను. అక్కడ నివసిస్తున్న కామన్వెల్త్ పౌరులకు హక్కు ఉండటంతో, భారత పాస్‌పోర్టు ఉన్న నా చేతికి “స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?” అన్న ఒకే ప్రశ్న ఉన్న కాగితం వచ్చింది, గ్లాస్గోలోనే పుట్టి లండన్‌లో స్థిరపడిన మా పెద్దాయన తమ్ముడికి రాలేదు. జాతి అంటే రక్తసంబంధం కాదు, నివాసమే అని వారు నిర్ణయించుకున్న తీరు నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది. పదహారేళ్లవారు కూడా పాల్గొన్న ఆ పోలింగు 84.6 శాతానికి చేరింది. గ్లాస్గో అవునన్నా, మొత్తం మీద 55.3 శాతం వద్దన్నారు.

2016లో బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడాలని తీర్పిచ్చినప్పుడు స్కాట్లాండ్‌లో 62 శాతం మంది ఉండాలనే కోరడంతో చర్చ మళ్లీ రాజుకుంది. లండన్ అనుమతి లేనిదే, 1999లో పరిమిత అధికారాలతో మళ్లీ ఏర్పడిన ఎడిన్‌బరో పార్లమెంటు మరో రెఫరెండం జరపలేదని 2022లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి నేటి వివాదం ఆక్రమణ గురించి కాదు, ఒప్పుకుని కలిసినవారు విడిపోయే దారి గురించి. 1707 ఒప్పందంలోని మొదటి అధికరణ ఈ కలయిక శాశ్వతమని మాత్రమే చెబుతుంది.