అసిమోవ్ 500 పుస్తకాలు ఎలా రాశాడు? దుకాణంలో కూర్చుని సైన్స్ ఫిక్షన్ రాయొచ్చా?

తమ్ముడూ, మిర్యాలగూడలో నాన్న కిరాణా దుకాణం చూసుకుంటూ, కెమిస్ట్రీతో బీఎస్సీ చదువుకుంటూ కథలు రాయడం అయ్యే పనేనా అని అడిగావు. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ అన్ని పుస్తకాలు ఎలా రాయగలిగాడని కూడా అడిగావు. రెండింటికీ జవాబు ఒకచోటే దొరుకుతుంది. అసిమోవ్ కూడా గల్లా దగ్గర పెరిగినవాడే, కెమిస్ట్రీ చదివినవాడే.

1920లో రష్యాలోని పెట్రోవిచి అనే ఊళ్లో పుట్టాడు. మూడేళ్ల వయసులో ఇంటిల్లిపాదీ అమెరికా వెళ్లారు. బ్రూక్లిన్‌లో తండ్రి మిఠాయి దుకాణం పెట్టాడు. పొద్దున 6 గంటలకు తెరిస్తే మూసేది రాత్రి ఒంటిగంటకు. అందులో పత్రికలూ అమ్మేవారు. కథల పత్రికలన్నీ చెత్త అని తండ్రి ముట్టుకోనిచ్చేవాడు కాదు. పేరులో ‘సైన్స్’ అన్న మాట ఉన్న పత్రికను చూపించి పిల్లవాడు ఒప్పించుకున్నాడు. చదివినా నలగకుండా, మడత పడకుండా మళ్లీ అరలో పెట్టాలి, గిరాకీకి అమ్మాల్సిన సరుకు కదా. పెద్దయ్యాక కూడా దుకాణం వేళలే పాటించాడు. తెల్లారే లేచి కూర్చోవడం, వారానికి ఏడు రోజులూ పని చేయడం, ‘మూడ్’ కోసం ఎదురుచూడకపోవడం. నిమిషానికి 90 పదాల దాకా టైపు చేసేవాడు. ఒకసారి రాయడం, ఒకసారి దిద్దడం, పంపించేయడం. మూడోసారి ముట్టుకునేవాడు కాదు.

500 అన్న అంకె చూసి మాత్రం బెదిరిపోకు. అందులో వందకు పైగా ఇతరుల కథలతో కూర్చిన సంకలనాలు. నవలలు 40 దాకా ఉంటాయేమో. మిగతావాటిలో చాలా భాగం సైన్స్, చరిత్ర, బైబిల్, షేక్‌స్పియర్ గురించి మామూలు పాఠకుల కోసం రాసినవి. 1957లో రష్యావాళ్ల స్పుత్నిక్ ఉపగ్రహం ఎగిరాక అమెరికాలో సైన్స్ పుస్తకాలకు గిరాకీ పెరిగింది, ఆయనా అటు మళ్లాడు. ఆ తర్వాత 1972 దాకా సైన్స్ ఫిక్షన్ నవలలు దాదాపు లేవు.

మొదటి కథ సంగతి తెలుసుకోవాలి. 1938 జూన్‌లో సబ్‌వే ఎక్కి వెళ్లి, జాన్ కాంప్‌బెల్ అనే సంపాదకుడి చేతికే కథ ఇచ్చాడు. రెండు రోజుల్లో తిరిగొచ్చింది, ఎందుకు బాగాలేదో వివరించే ఉత్తరంతో సహా. వెంటనే ఇంకోటి రాశాడు, అదీ వెనక్కొచ్చింది. మూడోది అక్టోబరులో వేరే పత్రిక కొన్నది. 6400 పదాలకు 64 డాలర్లు, అంటే మాటకు ఒక సెంటు. తిరిగొచ్చిన కథను పట్టుకుని ఆరు నెలలు దిద్దుతూ కూర్చుంటే ఆ మూడోది పుట్టేది కాదు. నల్గొండ, పాలమూరు పిల్లలు రాసిన కథలు చదివినంతలో నాకు ఎక్కువగా కనిపించే లోటు ఇదే, ఒక్క కథనే ఏళ్ల తరబడి చెక్కడం.

ఇక అసలు పనితనం. 1942లో అచ్చయిన ఒక కథలో మూడు రోబో సూత్రాలను మొదటిసారి వరసగా చెప్పాడు. మనిషికి హాని చేయొద్దు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోవద్దు. దానికి అడ్డు రానంతవరకు మనిషి మాట వినాలి. ఆ రెండింటికీ అడ్డు రానంతవరకు తనను తాను కాపాడుకోవాలి. బుధగ్రహం మీద ఒక రోబోను సెలీనియం తెమ్మని పంపుతారు. చెప్పినవాడు ఏదో మామూలుగా చెప్పాడు, కాబట్టి రెండో సూత్రం బలం తక్కువ. రోబో చాలా ఖరీదైనది, అందుకని మూడో సూత్రాన్ని తయారీలోనే గట్టిగా పెట్టారు. సెలీనియం ఉన్న గుంట దగ్గర ప్రమాదం ఉంది. రెండు బలాలూ సమానమైన దూరంలో అది గుంట చుట్టూ గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. ఆక్జాలిక్ ఆమ్లం వేస్తారు, ఆ వేడికి కార్బన్ మోనాక్సైడ్ పుట్టి ప్రమాదం పెరుగుతుంది, రోబో వెనక్కి జరుగుతుంది. కానీ ఇంకో దూరంలో మళ్లీ తిరగడమే. చివరికి మనిషి తన ప్రాణాన్నే ఎండకు ఒడ్డుతాడు, మొదటి సూత్రం మిగతా రెండింటినీ పక్కకు నెట్టేస్తుంది. కథలో విలన్ ఎవరూ లేరు, సూత్రాల మధ్య పేచీయే కథ.

ఇదే పద్ధతి మన సాగర్ ఎడమ కాలువ మీద పెట్టి చూడు. తూము తలుపు తానే ఎత్తి దించే యంత్రం ఉందనుకో. ఊరి తాగునీళ్లు అడుగంటనీయొద్దు అన్నది మొదటి సూత్రం. కాలువ నీళ్లు చూసుకునే లష్కర్ మాట వినాలి అన్నది రెండోది. కాలువ కట్ట తెగకుండా చూసుకోవాలి అన్నది మూడోది. చివరి ఆయకట్టులో వరి పొట్ట మీద ఉంది, ఇప్పుడు నీళ్లందకపోతే తాలు గింజలే. తలుపు ఎత్తమని లష్కర్ ఫోన్లో నిద్రమత్తులో చెప్పాడు, కట్ట ఒకచోట బలహీనంగా ఉంది. తలుపు జానెడు లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ముందు సూత్రాలు ఒక కాగితం మీద రాసుకో, తర్వాత అవి ఎక్కడ కొట్టుకుంటాయో వెతుకు, పాత్రలు ఆ తర్వాత. చాలామంది ముందు యంత్రాన్ని రెండు పేజీలు వర్ణిస్తారు, అక్కడే పాఠకుడు లేచిపోతాడు.

సైన్స్ పాతబడుతుందన్న భయం వద్దు. బుధుడి ఒక ముఖం ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుందని నమ్మి ఆయన 1956లో ఒక పిల్లల నవల రాశాడు. 1965లో రాడార్‌తో చూస్తే 59 రోజులకోసారి తన చుట్టూ తాను తిరుగుతుందని తేలింది. తర్వాతి ముద్రణలో ఆ సంగతి ముందుమాటలో చెప్పేసి, కథను అలాగే ఉంచాడు.

చదువు మానేయాలా అన్న మాటకు నా జవాబు వద్దు అనే. అసిమోవ్ కథలు రాస్తూనే 1948లో కొలంబియా యూనివర్సిటీలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాడు. 1949 నుంచి బోస్టన్‌లో మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పాడు. రాతల పైసలు జీతాన్ని దాటాకే 1958లో పాఠాలు మానాడు.

ఆయన్ని దేవుణ్ని మాత్రం చేయకు. సభల్లో ఆడవాళ్లతో ఆయన తీరు తప్పు, అక్కడున్నవాళ్లే రాసిపెట్టారు. 1983లో గుండె ఆపరేషన్‌లో ఎక్కించిన రక్తం ద్వారా హెచ్‌ఐవీ సోకి 1992లో చనిపోయాడు. ఆ కారణాన్ని భార్య జానెట్ 2002లో బయటపెట్టింది.

చదవడం రోబో కథలతో మొదలుపెట్టు, పెద్ద నవలలు తర్వాత. దుకాణంలో మధ్యాహ్నం గిరాకీ పలచబడే గంటలో ఖాతా బుక్కు వెనక పేజీల్లో రాసుకో, రాత్రి ఫోన్లో ఎక్కించు. నోటితో చెప్పి టైపు చేయిస్తే ఒత్తులు తప్పుతాయి, ఆ ఒక్క దిద్దుబాటు వాటికే సరిపోతుంది, కాబట్టి వేళ్లతోనే కొట్టు. తూము కథ అయ్యాక ఇక్కడే పెట్టు, నీళ్ల లెక్కలు నేను చూస్తా.