మొదటి అంతస్తు ఫ్లాట్ చవగ్గా ఇస్తానంటున్నాడు, 15 లక్షలు ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ మియాపూర్ వైపు 700 గజాల్లో కడుతున్న ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం. మొత్తం 15 ఫ్లాట్లు. మిగతావి 70 లక్షలు చెబుతున్న బిల్డర్ మొదటి అంతస్తులో ఒకటి మాత్రం 62 లక్షలకే ఇస్తానంటున్నాడు. ఇప్పుడు 15 లక్షలిస్తే నోటరీ అగ్రిమెంట్ రాసిస్తాడట, రిజిస్ట్రేషన్ ఆరేడు నెలల తర్వాతట. బ్యాంకు లోన్ వస్తుందన్నారు కాబట్టి టైటిల్ క్లియరే అని మావారంటున్నారు. ఇచ్చేయొచ్చా?

జవాబు: ఇప్పుడైతే వద్దమ్మా. ఒకే బిల్డింగ్‌లో ఒక ఫ్లాట్ మాత్రం 8 లక్షలు తక్కువకి వస్తోందంటే, పైగా రిజిస్ట్రేషన్ ఇప్పుడు కాదంటున్నాడంటే, నాకు మొదట వచ్చే అనుమానం అది మార్ట్‌గేజ్ ఫ్లాట్ అని. తెలంగాణలో ఇలాంటి అపార్ట్‌మెంట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు, ప్లాన్ ప్రకారం కడతాడన్న హామీ కింద కట్టే ఏరియాలో 10 శాతం మున్సిపాలిటీ పేర తాకట్టు పెట్టించుకుంటారు. అది గ్రౌండ్, ఫస్ట్, సెకండ్ ఫ్లోర్లలోనే ఉంటుంది. ప్లాన్ ప్రకారమే కట్టారని, ఇక ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే వదులుతారు, అప్పటిదాకా ఆ ఫ్లాట్ రిజిస్టర్ కాదు. బిల్డర్ ప్లాన్ దాటి ఒక అంతస్తు ఎక్కువ వేశాడో, సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ) మింగేశాడో, ఓసీ ఆగిపోతుంది, మీ ఆరేడు నెలలు ఏళ్లకి సాగుతాయి.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. బిల్డింగ్ పర్మిషన్ ఆర్డరు, మంజూరైన ప్లాను అడగండి, ఏ భాగం తాకట్టులో ఉందో వాటిలోనే రాసి ఉంటుంది. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితా కూడా చూడండి. స్థలం వేరేవాళ్లదై, ఇతను డెవలప్‌మెంట్‌కి తీసుకున్నదైతే ఆ రిజిస్టర్డ్ ఒప్పందం, ఏ ఫ్లాట్ ఎవరి వాటాకి వచ్చిందో తేల్చే సప్లిమెంటరీ డాక్యుమెంటు కూడా కావాలి. స్థలం యజమాని వాటా ఫ్లాట్‌ని బిల్డర్ అమ్మేసిన కేసులు కోర్టుల్లో బోలెడు. కాగితాలు చూపించడానికి నసిగాడంటే అక్కడితో ఆగిపోండి.

ఇక నోటరీ అగ్రిమెంటు. అది చిత్తుకాగితమేమీ కాదు, దాని ఆధారంగా రిజిస్టర్ చేయించమని కోర్టులో దావా వేయొచ్చు, రిజిస్ట్రేషన్‌కి రాసుకున్న గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు. కానీ దానితో ఫ్లాట్ మీద మీకు హక్కు రాదు. ఈసీలో కనిపించదు కాబట్టి, రేపు అతను ఇదే ఫ్లాట్‌ని మీ సంగతి తెలియని ఇంకొకరికి డబ్బు తీసుకుని రిజిస్టర్ చేసేస్తే చట్టం వాళ్లవైపే ఉంటుంది, మీరు డబ్బు కోసం తిరగాలి.

అసలు అతను 15 లక్షలు అడగడమే తప్పు. స్థలం 500 చదరపు మీటర్లు దాటింది, ఫ్లాట్లు ఎనిమిది దాటాయి కాబట్టి ఈ ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదై ఉండాలి. రెరా చట్టం సెక్షన్ 13 ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు, అంటే మీ విషయంలో 6.2 లక్షలు. రెరా నంబర్ అడిగి తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. నంబరే లేకపోతే టోకెన్ కూడా ఇవ్వకండి.

లోన్ వస్తుందన్నది బ్యాంకా, బిల్డర్ వెంట తిరిగే ఏజెంటా? నిజంగా బ్యాంకే అన్నా, వాళ్ల లాయర్ చూసేది బ్యాంకు అప్పు భద్రం గురించి, మీ టెన్షన్ అతనిది కాదు. పైగా తాకట్టులో ఉన్న ఫ్లాట్‌కి మామూలుగా బ్యాంకులు లోన్ ఇవ్వవు. మీవారితో ఈ మాట నేను గట్టిగా చెప్పానని చెప్పండి.

అయినా ఆ ఫ్లాటే కావాలనుకుంటే బిల్డర్‌కి ఒకటే చెప్పండి: ఓసీ తెచ్చి, తాకట్టు విడిపించాక మొత్తం డబ్బు ఒకేసారి ఇచ్చి రిజిస్టర్ చేసుకుంటామని. ఇందులో మీకు ఇంకో లాభం ఉంది. ఓసీకి ముందు కొంత డబ్బు కట్టినా జీఎస్టీ 5 శాతం మొత్తం ధర మీద పడుతుంది, 62 లక్షల మీద 3.1 లక్షలు. డబ్బంతా ఓసీ తర్వాతే ఇస్తే జీఎస్టీ ఉండదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 7.5 శాతం, అంటే 4.65 లక్షలు మాత్రం ఎలాగూ తప్పవు, అవి 62లో కలిపాడా లేదా ఇప్పుడే అడగండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి బిల్డర్‌కి ఇచ్చేటప్పుడు 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి, అతని పాన్ మీద మీరే ప్రభుత్వానికి కట్టాలి. అది మీకు అదనపు ఖర్చు కాదు, అతనికి ఇచ్చేదాంట్లోంచే.