అమెరికాలో క్యాథలిక్ మిడిల్ స్కూల్లో అసలు ఏం చెప్తారు? మా అమ్మాయి చదివింది కాబట్టి రాస్తున్నా

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నాం, హిందువులం, పాపని ఆరో తరగతికి క్యాథలిక్ స్కూల్లో వేద్దామనుకుంటున్నాం, అక్కడ రిలిజియన్ కాకుండా మిగతా సబ్జెక్టులు గట్టిగా చెప్తారా, సైన్సు మార్చి చెప్తారా, పిల్ల మతం మారిపోతుందేమో అని ఇంట్లో పెద్దవాళ్లకి టెన్షన్. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే గొడవ జరిగింది. మా అమ్మాయి ఆరు నుంచి ఎనిమిది దాకా ఇక్కడే ఒక పారిష్ స్కూల్లో, అంటే స్థానిక చర్చి నడిపే స్కూల్లో చదివింది, ఇప్పుడు హైస్కూల్లో ఉంది. అన్ని స్కూళ్లూ ఒకేలా ఉండవు, సిలబస్ ఒక్కో డయాసిస్‌లో (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలో) ఒక్కోలా ఉంటుంది, అది మనసులో పెట్టుకుని చదవండి.

ముందు రిలిజియన్ సంగతి. నేను గుంటూరులో కాన్వెంట్‌లో చదివాను. అక్కడ క్యాథలిక్ పిల్లలు కాటెకిజం (చర్చి బోధనల) క్లాసుకి వెళ్తే మేం మోరల్ సైన్స్ పుస్తకం తీసేవాళ్లం, అందులో నిజాయితీ గల కట్టెలు కొట్టేవాడి కథలూ అవీ ఉండేవి. ఇక్కడ కూడా అలాంటిదే అనుకుని వెళ్తే పొరపాటే. ఇక్కడ రిలిజియన్ అనేది లెక్కల్లాగే ఒక సబ్జెక్టు, దాదాపు రోజూ పీరియడ్ ఉంటుంది, హోంవర్కు, టెస్టులు, మార్కులు అన్నీ ఉంటాయి, హిందువైనా ముస్లిమైనా అందరూ కూర్చోవాల్సిందే. మా అమ్మాయికి ఆరులో పాత నిబంధన, ఏడులో కొత్త నిబంధన, ఏసు జీవితం, ఎనిమిదిలో చర్చి చరిత్ర, నీతిశాస్త్రం. వారానికోసారి స్కూలంతా మాస్‌కి, అంటే చర్చిలో జరిగే ఆరాధనకి వెళ్తారు. క్యాథలిక్ కాని పిల్లలకి అందులో పంచే దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్ అప్పం) ఇవ్వరు, కావాలంటే చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ దీవెన ఇచ్చి పంపిస్తారు, లేదంటే బెంచీలోనే కూర్చోవచ్చు. అక్టోబర్‌లో జపమాల, ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సు కాలంలో సిలువమార్గం అనే ప్రార్థన. ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద సిలువతో ఇంటికొస్తే మా అత్తగారు ఒక్క నిమిషం తేరిపార చూసి, ముందు అన్నం తిను అన్నారు, అంతే.

మతం మారమని మా పిల్లనెవరూ అడగలేదు. కానీ ఒక మాట సూటిగా చెప్తాను. వాళ్ల దగ్గర ప్రతి ప్రశ్నకీ పద్ధతి ప్రకారం జవాబు ఉంటుంది, పిల్ల ఇంటికొచ్చి "మరి మనమేం నమ్ముతాం, ఎందుకు?" అని అడుగుతుంది. "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అంటే పన్నెండేళ్ల పిల్ల ఊరుకోదు. మా ఆయన ఆ మూడేళ్లలో చదివినన్ని ఉపనిషత్తు అనువాదాలు అంతకుముందు జన్మలో చదవలేదు. ఆ ఓపిక మీకు లేకపోతే ఈ స్కూలు మీకు కొంచెం ఇబ్బందే.

ఇక చదువు. నన్నడిగితే అక్కడ అన్నిటికంటే బాగా నేర్పింది రాయడం. ఇంగ్లిష్ క్లాసులో వాక్యాన్ని విడగొట్టి గీతల మీద బొమ్మ గీయిస్తారు: కర్త ఒకచోట, క్రియ ఒకచోట, విశేషణాలు కింద ఏటవాలుగా. 1877లో రీడ్, కెల్లాగ్ అనే ఇద్దరు టీచర్లు పెట్టిన పద్ధతి, పబ్లిక్ స్కూళ్లలో చాలాచోట్ల ఎప్పుడో వదిలేశారు. మొదట్లో ఇదేం పాతకాలపు గోల అనుకున్నాను, కానీ ఏడో తరగతికొచ్చేసరికి మా అమ్మాయి నా ఆఫీసు ఈమెయిళ్లలో తప్పులు పట్టడం మొదలుపెట్టింది. దానికి తోడు వ్యాసాలు: నీ వాదన ఏంటి, దానికి ఆధారం ఏంటి, ఎదుటివాడు ఏమంటాడు, దానికి నువ్వేమంటావు.

ఇదంతా ఇంగ్లిష్ పీరియడ్‌తో ఆగదు, అసలు విశేషం అక్కడే ఉంది. ఎనిమిదిలో రిలిజియన్ క్లాసులో మరణశిక్ష మీద వ్యాసం రాయించారు. 1976 తర్వాత దేశం మొత్తంలో అందరికంటే ఎక్కువ మరణశిక్షలు అమలు చేసిన రాష్ట్రం టెక్సస్. అటు చూస్తే 2018లో పోప్ ఫ్రాన్సిస్ కాటెకిజంలో మార్పు చేసి మరణశిక్ష అసలు ఆమోదయోగ్యం కాదని రాయించారు. క్లాసులో సగం మంది ఇళ్లలో తల్లిదండ్రులు మరణశిక్ష ఉండాలనే రకం. చర్చి ఏం చెప్తోంది, ముందు ఏం చెప్పింది, రాష్ట్రం ఏం చేస్తోంది, ఇవన్నీ పెట్టి రాయాలి. చర్చి మాటతో ఒప్పుకోని పిల్లలకి మార్కులు తగ్గలేదు, చర్చి మాటని సరిగ్గా చెప్పకుండా కొట్టిపారేసిన వాళ్లకి తగ్గాయి. న్యాయమైన యుద్ధం అనేది ఉంటుందా అన్నదాని మీద కూడా ఇలాగే, అగస్టీన్, అక్వినాస్ అనే పాతకాలపు క్రైస్తవ పండితులు పెట్టిన షరతులు ముందు పెట్టుకుని ఒక పాత యుద్ధాన్ని తూచమన్నారు. పదమూడేళ్ల వయసులో నాకెవరూ ఇలాంటివి చెప్పలేదు.

సైన్సు గురించి మీ భయం అనవసరం. బైబిల్లో ఆరు రోజుల సృష్టిని అక్షరాలా పట్టుకునేది కొన్ని ఇతర చర్చిల స్కూళ్లు, క్యాథలిక్ స్కూళ్లు కాదు. పరిణామ సిద్ధాంతం మామూలుగానే చెప్తారు. 1950లోనే పోప్ పన్నెండో పయస్ దాన్ని పరిశోధించడానికి అడ్డులేదన్నారు, 1996లో జాన్ పాల్ 2 ఇది ఊహని మించిన స్థాయికి వచ్చిందన్నారు. ఆత్మ మాత్రం దేవుడిచ్చిందే అని రిలిజియన్ క్లాసులో చెప్తారు, ఆ రెండూ రెండు చోట్ల ఉంటాయి. పైగా సైన్సు టీచర్‌కి దీంట్లో కొంచెం గర్వం కూడా. జన్యుశాస్త్రం పాఠం వస్తే బఠానీ మొక్కలతో ప్రయోగాలు చేసిన మెండెల్ మఠంలో ఉన్న సన్యాసి అని, విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే రాసిన లెమైత్ర్ బెల్జియం ఫాదర్ అని తప్పకుండా చెప్తారు. మా అమ్మాయి ఊరుకోకుండా "మరి గెలీలియో?" అని అడిగిందట. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు చర్చి ఆయన మీద జరిపిన 1633 విచారణ గురించి, 1992లో జాన్ పాల్ 2 ఆ తప్పు ఒప్పుకోవడం గురించి ఆ టీచరే ఒక పీరియడ్ చెప్పారు. లోటు ఎక్కడంటే ల్యాబులో. చిన్న స్కూలు, పరికరాలు అంతంతమాత్రం, పక్కనున్న పెద్ద పబ్లిక్ మిడిల్ స్కూలు ల్యాబు చూసొచ్చాక మనసు కొంచెం చివుక్కుమంది.

సోషల్ నాకు బాగా నచ్చింది, కొన్నిచోట్ల ఒళ్లు మండింది కూడా. టెక్సస్ పబ్లిక్ స్కూళ్లలో ఏడో తరగతంటే రాష్ట్ర చరిత్ర. మా స్కూలు కూడా అదే వరస పాటించింది, కాకపోతే స్పానిష్ మిషన్ల దగ్గర (స్పెయిన్ ఫాదర్లు స్థానికులకి మతం బోధించడానికి పెట్టిన కేంద్రాలు) బాగా ఆగారు. అందరూ యుద్ధం గురించే చెప్పుకునే అలమో, అసలు 1718లో మిషన్‌గా మొదలైంది. అక్కడి స్థానిక తెగలవాళ్లకి ఆ మిషన్లలో ఏం జరిగింది, రోగాలతో ఎంతమంది పోయారు అన్నది కూడా దాచకుండా చెప్పారు, అది మెచ్చుకోవాలి. ఎనిమిదిలో అమెరికా చరిత్ర. ఈ దేశంలో ఒకప్పుడు క్యాథలిక్కులనే అనుమానంగా చూసేవారని, 1844లో ఫిలడెల్ఫియాలో చర్చిలు తగలబెట్టారని, 1925లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఓరెగన్‌లో ఇలాంటి స్కూళ్లకి పిల్లల్ని పంపే హక్కు మీదే కత్తి వేలాడిందని అక్కడే తెలిసింది మా పిల్లకి. వలస వచ్చినవాళ్ల పిల్లగా అది దానికి బాగా తగిలింది, రాత్రి భోజనాల దగ్గర చాలా రోజులు అదే కబుర్లు.

ఒళ్లు మండింది ఇండియా విషయంలో. ఇండియా అంటే వాళ్ల పాఠాల్లో మదర్ థెరిసా, కోల్‌కతా, బీదరికం, మిషన్ల కోసం డబ్బాలో వేసే చిల్లర. అంతే. చర్చిలో ఇప్పుడున్న ఒక మనిషి గురించి ప్రాజెక్టు చేయమన్నప్పుడు మా అమ్మాయి హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారిని తీసుకుంది. కర్నూలు బిషప్‌గా చేసిన మనిషి, 2022లో కార్డినల్ (పోప్‌ని ఎన్నుకునే వర్గంలోని పెద్ద) అయ్యారు, తెలుగువాళ్లలో మొదటివారు, దళితుల్లో ప్రపంచం మొత్తంలో మొదటివారు. దళితులంటే ఎవరు, క్రైస్తవుల్లో కూడా కులం ఉంటుందా అని క్లాసంతా అడిగితే అది ఇంటికొచ్చి మమ్మల్ని అడిగింది, మేం కూడా నీళ్లు నమిలాం. హిందూ పిల్ల క్యాథలిక్ స్కూల్లో కులం గురించి పాఠం చెప్పాల్సి రావడం, ఏమంటారు దీన్ని!

లెక్కలు మన తెలుగు తల్లిదండ్రుల ప్రాణం కాబట్టి విడిగా చెప్తున్నా. బానే చెప్తారు, కానీ తరగతికి ఒకటో రెండో సెక్షన్లు ఉండే స్కూల్లో స్థాయిని బట్టి విడగొట్టడం కష్టం. ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 అందరికీ ఉండకపోవచ్చు. పబ్లిక్ స్కూళ్లకైతే టెక్సస్‌లో 2023లో చట్టం వచ్చింది, ఐదో తరగతిలో మంచి స్కోరున్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో ఎవరూ అడగకుండానే వేయాలి, ఎనిమిదికల్లా ఆల్జీబ్రా అందాలి అని. ప్రైవేట్ స్కూళ్లకి అది వర్తించదు. మీ పాప లెక్కల్లో బాగా ముందుంటే ఈ ఒక్క విషయం గురించి అడ్మిషన్‌కి ముందే నిలదీసి అడగండి, "చూద్దాం" అంటే లేదనే అర్థం. మేం బయట ట్యూషన్ పెట్టుకున్నాం.

స్పానిష్ ఉంటుంది, డిసెంబర్ 12న గ్వాదలూపే మాత (మెక్సికోవాళ్లు కొలిచే మేరీమాత) పండుగకి స్పానిష్‌లోనే పాటలు పాడిస్తారు. సంగీతం ఎక్కువగా మాస్ కోసమే. ఆర్ట్, పీఈ మామూలే. సేవ అని ఏడాదికి ఇన్ని గంటలని లెక్క ఉంటుంది, ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడం లాంటివి. దాన్ని కొందరు పిల్లలు సంతకం కోసమే చేస్తారు, అబద్ధం ఎందుకు. కానీ ఎనిమిదో తరగతి పిల్లలకి ఒక్కొక్కరికి ఒక కిండర్‌గార్టెన్ పిల్లని జత చేస్తారు, మాస్‌లో పక్కన కూర్చోబెట్టుకోవాలి, చదివి వినిపించాలి. ఇంట్లో తమ్ముణ్ణి కసురుకునే మా అమ్మాయి అక్కడ ఆ బుడ్డోడి షూ లేసులు కడుతుంటే చూసి నేను నమ్మలేదు.

మీ పాపకి చదువులో ఏదైనా ప్రత్యేక సాయం అవసరమైతే మాత్రం ఆలోచించండి. పబ్లిక్ స్కూల్లో చట్టం ఇచ్చే ఐఈపీ (పిల్లకి తగ్గట్టు విడిగా రాసిచ్చే చదువు ప్రణాళిక) హక్కు, మీ అంతట మీరే ప్రైవేట్‌లో చేరిస్తే అలాగే రాదు, జిల్లా ఇచ్చే సాయం చాలా తక్కువ. శరీరం, పెళ్లి, కుటుంబం గురించిన పాఠాలు పూర్తిగా చర్చి దృష్టితోనే ఉంటాయి, అందులో మీకు నచ్చనివి ఉంటే ఇంట్లో మీరే మాట్లాడుకోవాలి.

రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష ప్రైవేట్ పిల్లలకి లేదు, బదులుగా పిల్ల స్థాయి ఎంత పెరిగిందో కొలిచే మ్యాప్ లాంటి పరీక్షలు పెడతారు, ఆ స్కోర్లు అడిగితే చూపిస్తారు. తర్వాత క్యాథలిక్ హైస్కూలుకే పంపాలనుకుంటే చాలాచోట్ల హెచ్‌ఎస్‌పీటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, 298 ప్రశ్నలు, రెండున్నర గంటల లోపే, స్పీడు ముఖ్యం.

వెళ్లి చూసేటప్పుడు ఓపెన్ హౌస్‌తో సరిపెట్టుకోకండి, అది పెళ్లిచూపులు లాంటిది. పాపని ఒక రోజు క్లాసులో కూర్చోనిస్తారు, షాడో డే అంటారు, అది అడగండి. ఎనిమిదో తరగతి పిల్లల రాతలు రెండు మూడు చూపించమనండి. ఫీజు దగ్గర కూడా జాగ్రత్త: చాలా స్కూళ్లలో ఆ చర్చి సభ్యులకి ఒక రేటు, బయటివాళ్లకి ఇంకో రేటు, వెబ్‌సైట్‌లో పైన కనిపించేది తక్కువ రేటే. మనకి వర్తించేది రెండోది, దానిమీద యూనిఫాం, పుస్తకాలు, ఫండ్‌రైజింగ్ కలిపి ఏడాదికి మొత్తం ఎంతవుతుందో ఆఫీసులో రాయించుకోండి.