ఆఫ్రికాలో చైనా ముందు మనం తేలిపోయామా?

రోడ్లు, రైళ్లు, సదస్సులు లెక్కేస్తే అవును, తేలిపోయాం. చైనా 2000 నుంచి మూడేళ్లకోసారి ఠంచనుగా ఆఫ్రికా దేశాలతో సదస్సు పెడుతోంది. మనం 2008లో మొదలుపెట్టి, మూడోది 2015లో ఢిల్లీలో చేశాం. ఆ తర్వాత పదేళ్లపాటు నాలుగోది జరగలేదు. పెళ్లిచూపులకొచ్చి, కాఫీ తాగి, కబురు చేస్తామని వెళ్లిపోయినట్టు!

కానీ మందుల వ్యాపారం పని మీద నేను ఆరేళ్లు టాంజానియాలో, దార్ ఎస్ సలామ్‌లో ఉన్నాను. అక్కడ ఆటోని ‘బజాజీ’ అనే అంటారు. ఏ రాయబారికి సాధ్యమండీ ఇది?

ఓసారి పర్మిట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగో రోజు తిరుగుతున్నా. కౌంటర్ వెనక పెద్దాయన నా పాస్‌పోర్టులో హైదరాబాద్ అని చూసి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, “బాగున్నారా?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఐటెక్ అని, విదేశాల వాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే శిక్షణకి వచ్చి రాజేంద్రనగర్‌లో కొన్ని వారాలు ఉన్నాడట. 1964 నుంచి నడుస్తున్న పథకం అది. విమానం టికెట్, బస, భత్యం అన్నీ మన ప్రభుత్వానివే.

ఫోన్‌లో చార్మినార్ ఫొటో చూపించాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్లు. ఎవరని అడిగితే, “తెలీదు, సెల్ఫీ అన్నారు” అని పకపకా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, ఒక ఆటో అతను తనని ఎక్కించుకోకుండా పక్కవాడితో ఏదో అన్నాడని చెప్పాడు. “నైజీరియన్, డ్రగ్స్ అన్న రెండు మాటలు అర్థమయ్యాయి. వాటికి తెలుగు రానక్కర్లేదు కదా!”

నా పర్మిట్ మీద సంతకం మాత్రం ఆ రోజే పెట్టాడు.

టాంజానియాలో విక్టోరియా సరస్సు నీళ్లని టబోరా ఊరి దాకా తెచ్చిన పైపులైను మన దేశం ఇచ్చిన అప్పుతో వేసిందే. 2023లో ఆఫ్రికన్ యూనియన్‌ని జీ20లో చేర్చింది కూడా ఢిల్లీలోనే. బాగుంది. కానీ టులెట్ బోర్డు పెట్టి, నల్లటి మనిషి రాగానే “ఇల్లు ఇచ్చేశాం” అనే ఓనరు ఒక్క నిమిషంలో అదంతా చెడగొడతాడు. అలాంటివాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. వాళ్లకి కూడా మన విదేశాంగ శాఖ ఓ ట్రైనింగ్ పెడితే బాగుండు.

సెలవుకి వెళ్తే ఉస్మానియా బిస్కెట్లు తెమ్మన్నాడు పెద్దాయన. రెండు డబ్బాలు మోసుకెళ్లా. అప్పటికే ఆయనకి డొడోమా బదిలీ అయిపోయింది. ఫోన్ చేస్తే, “బస్సులో పంపించు” అన్నాడు.